చలికాలంలో ఊగే ట్రైలర్

నేను ఏం ఉద్యోగం చేస్తానో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. "మా కోడలు కార్ల కంపెనీలో ఇంజినీరు" అని చుట్టాలందరికీ గర్వంగా చెప్పుకునేవారు గానీ, రోజూ అక్కడికెళ్ళి ఏం చేస్తావమ్మా అని ఒకసారి నన్నే అడిగారు. బండి వెనక బండి కట్టి లాగిస్తానండీ అన్నాను. "దానికి రెండు ఎద్దులు చాలవూ? ఇంత చదువు దేనికే?" అన్నారు. నా పనిమీద నేను విన్న విమర్శల్లో ఇంతకంటే గట్టిది ఇంకొకటి లేదు.

రిటైరయ్యాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఈమధ్య మాస్టర్స్ ముగించి మా పాత డిపార్ట్‌మెంట్‌లోనే చేరిన మన పిల్లలు కొందరు డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చారు. "ఆంటీ, ఇప్పుడు మేం అన్నీ సిమ్యులేషన్‌లోనే చూసేస్తున్నాం. మీరు నిజంగా రోడ్డు మీదకెళ్ళి ట్రైలర్లు ఊపేవాళ్ళా?" అని ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది. ఊపేవాళ్ళమే. అది మా జీతం. కానీ నేను ఊపని ట్రైలర్ ఒకటి నా ప్రాణాల మీదకి తెచ్చింది. ఆ కథ ఆ పిల్లకి సగమే చెప్పగలిగాను, పప్పు చల్లారిపోతోందని మా ఆయన ఒకటే గొడవ. కాబట్టి అమ్మాయీ, ఇది నీకోసమూ, నీతో వచ్చిన ఆ మౌనమునులకోసమూ రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పెయ్యాలి. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండకూడదు. కొంత భాగం ముందుకు, లాగే కారు వెనకనున్న హిచ్ అనే కొక్కెం మీద పడాలి. మొత్తంలో పదో వంతుకి కాస్త పైన అనుకోండి. ఎద్దుబండి తోలినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుందని అతనికి తెలుసు. ట్రైలర్‌కి హిచ్ గట్టిగా పట్టుకుని ఉంటుంది గనక పైకి లేవదు, దానికి బదులు వేగం పెరగ్గానే వెనకభాగం ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలైతే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. పెద్ద ట్రక్కయితే తన బరువుతో ఎలాగో నిలదొక్కుకుంటుంది. మా మిడ్‌సైజ్ ఎస్‌యూవీ అలా కాదు. పిల్లల్ని స్కూల్లో దింపే బండి అది. శనివారం వచ్చేసరికి పడవో, ఇంటి సామానో, వంటశాలో కట్టి లాగమంటే లాగుతుంది, కానీ సర్దడంలో తేడా వస్తే ట్రైలరే కారుని రోడ్డుకి అడ్డంగా తిప్పి పడేస్తుంది.

రెండువేల పదకొండు ప్రాంతం. మాంద్యం దెబ్బకి డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఉద్యోగాలు పోయి, అప్పుడప్పుడే మళ్ళీ వస్తున్న రోజులు. ఒకరోజు కస్టమర్ కేర్ వాళ్ళు నాకొక ఫోన్ తగిలించారు. డీలర్ చేతులెత్తేశాడు, ఈవిడ మాత్రం వదలడం లేదు, ఇంజినీరుతోనే మాట్లాడతానంటోంది అన్నారు. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నా పేరు విని ఒక్క క్షణం ఆగింది.

"మీరు తెలుగువారా?"

"అవునమ్మా."

"హమ్మయ్య. అక్కా, మా ట్రైలర్ ఊగుతోంది. బండి మీ కంపెనీదే. డీలర్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళాను. బండి బాగానే ఉంది, డ్రైవర్‌దే ప్రాబ్లం అంటున్నాడు. డ్రైవర్‌ని నేనే."

వాళ్ళ సంగతి అప్పుడే చెప్పింది. భర్త ఒక విడిభాగాల కంపెనీలో డిజైనర్. మాంద్యంలో ఉద్యోగం పోయింది. భీమవరం మనిషి, చేతిలో మంచి వంట ఉంది. పాత ట్రైలర్ ఒకటి కొని అందులో వంటశాల పెట్టుకుని పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ కేటరింగ్ మొదలుపెట్టారు. అతను వండుతాడు, ఆమె బండి తోలుతుంది. అతనికి ట్రైలర్ కట్టిన బండి తోలడం రాదు, నేర్చుకోనూ లేదు. అంతకుముందు చలికాలంలో రెండుసార్లు, ఏప్రిల్లో చలి తిరగబెట్టిన రోజొకసారి ట్రైలర్ ఊగి ప్రాణం మీదకొచ్చింది. అతనేమో ఇక చాలంటున్నాడు. అక్టోబరులో ఒక పెద్ద పెళ్ళి ఒప్పుకున్నారు. అది అవగానే ట్రైలర్ అమ్మేసి ఎవరి రెస్టారెంట్‌లోనైనా వంటవాడిగా చేరతానంటున్నాడు.

"అంటే నా వల్ల బిజినెస్ పోయినట్టే కదక్కా? రేపు పిల్లలకి కూడా అలాగే చెప్తారు, మీ అమ్మకి బండి తోలడం రాక మూసేశామని." వెంటనే ఇంకోమాట కలిపింది. "నా డ్రైవింగే తప్పైతే చెప్పండి, రేపే మానేస్తాను. కానీ ఇంతవరకూ ఒక్కరూ పక్కన కూర్చుని చూడలేదు. చూసి చెప్పండి."

ఆ చివరిమాట నన్ను పట్టేసింది. మా వృత్తిలో అందరూ చూడకుండా చెప్పేవాళ్ళే.

నాతో పనిచేసిన టెస్ట్ డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. మిషిగన్‌లోనే పుట్టి పెరిగిన ముసలాయన, నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల. నాకు డాక్టరేట్ లేదని ఎన్నిసార్లు చెప్పినా నన్ను "డాక్" అనే పిలిచేవాడు. ట్రైలర్ ఊగిందంటే నూటికి తొంభై డ్రైవర్ తప్పేనని అతని సిద్ధాంతం. మిగతా పదీ కూడా డ్రైవర్ తప్పే, కాకపోతే లాయరుంటాడు అనేవాడు. సెప్టెంబరులో ఎండ బాగా కాసిన ఒకరోజు ఇద్దరం కలిసి వాళ్ళ దగ్గరికి వెళ్ళాం.

ఆమె పెళ్ళికి సర్దినట్టే ట్రైలరంతా సర్ది చూపించింది. గ్రైండరు, బియ్యం బస్తాలు, పిండి బకెట్లు, పెద్ద గుండిగలు, ఏది ఎక్కడో ఆమెకి లెక్క. బరువైనవన్నీ చక్రాలకి ముందే. ఇలా పెట్టాలని ఎవరు చెప్పారంటే, ట్రైలర్‌తో వచ్చిన మాన్యువల్ చదివానంది. మా డ్రైవర్ పుల్ల నోట్లో ఈ పక్కనుంచి ఆ పక్కకి మార్చాడు. హిచ్ కింద త్రాసు పెట్టి కొలిస్తే బరువు ఎంత పడాలో అంతే పడుతోంది. తర్వాత అతనే హైవే మీదకి తీసుకెళ్ళి, స్టీరింగ్‌ని కావాలని కుదిపి చూశాడు. ట్రైలర్ గీత గీసినట్టు వచ్చింది.

"చూశారా మేడమ్ గారండీ," అన్నాడు భర్త తిరిగొచ్చాక. మంచివాడే, మాట మెత్తన. "బండి బంగారమండీ. ఈవిడకే కంగారెక్కువ. నేను చెప్తానే ఉన్నాను, ఆడవాళ్ళకి ఇంత పెద్ద బండి కష్టమని. వింటేగా?"

ఆమె నావైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ చేతిలో సాక్ష్యం లేదు. సాక్ష్యమంతా అతని పక్షానే ఉంది.

మా మేనేజరు ఫైలు మూసెయ్యమన్నాడు. పాపం మంచివాడే, కాకపోతే ఫైలు మూసెయ్యడమంటే ఏకాదశి మర్నాడు భోజనానికి కూర్చున్నంత ఆనందం అతనికి. డ్రైవర్ పొరపాటు అని రాస్తే చాలన్నాడు. రాయనన్నాను. అప్పటికి నాకు తట్టిందల్లా ఒక్కటే. ఆమె చెప్పిన మూడుసార్లూ చలిలోనే జరిగాయి. మేం వెళ్ళినరోజు ఎండ. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, ఎదురుగాలి పెరుగుతుంది. అవి తిరగేసి మరగేసి చూశాం. టైర్లలో గాలి తగ్గించి కూడా తోలాం. ట్రైలర్ ఊగితే ఒట్టు.

ఇక మిగిలింది ఆమె అడిగినదే, పక్కన కూర్చుని చూడటం. కస్టమర్ బండిలో, కస్టమర్ తోలుతుండగా కూర్చోవడానికి మా రూల్స్ ఒప్పుకోవు. పెళ్ళి శనివారం, ఆరోజు నేను సొంతంగా వెళ్తే ఎవరికేం అని మేనేజర్‌ని అడిగాను. "నాకేమీ వినపడలేదు" అని కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాడు. మా డ్రైవర్ తన పికప్‌లో వెనకాలే వస్తానన్నాడు, అద్దం దగ్గర కెమెరా పెట్టుకుని. ఎందుకంటే, "ఆమె తప్పు ఎక్కడ చేస్తోందో నీకు చూపించాలి కదా, డాక్" అన్నాడు.

ముందురోజు సాయంత్రం వాళ్ళు వంట చేసుకునే అద్దె కిచెన్ దగ్గర ట్రైలర్ సర్దుతుంటే వెళ్ళాను. అంతా ఆమె పద్ధతిలోనే ఉంది. ఇడ్లీపిండి బకెట్లు, మనిషి ఎత్తాలంటే నడుం పట్టుకునే రకం, ముందు గోడకి ఆనించి తాళ్ళతో కట్టి ఉన్నాయి. త్రాసు పెట్టాను, సరిగ్గా ఉంది. హిచ్ తగిలించేసి ఇంటికి పోయాం. ఒకసారి కొలిచాక దాన్ని ఎవరూ కదపరనుకోవడం ఇంజినీర్లకున్న మూఢనమ్మకం.

ఆ రాత్రి ఆ చలికాలానికి మొదటిసారి మంచు పట్టింది. తెల్లవారేసరికి గడ్డి మీద పంచదార చల్లినట్టుంది. ఆమె బండి చుట్టూ తిరిగి లైట్లు, గొలుసులు, టైర్లు అన్నీ ముట్టుకుని చూసుకుంది. భర్త వెనక తలుపు గడియ వేసి వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. రాత్రంతా వంటలో ఉన్నాడేమో, హైవే ఎక్కకముందే గురక మొదలైంది. నేను ముందు, ఆమె పక్కన. వెనక పికప్‌లో మా డ్రైవర్.

పెళ్ళి గ్రాండ్ ర్యాపిడ్స్‌లో, రెండు గంటలకి పైన దారి. ఊళ్ళో రోడ్ల మీద ఏమీ తెలియలేదు. హైవే ఎక్కి వేగం పెరిగాక నా నడుం కింద చిన్న కదలిక తెలిసింది. ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకుని మెల్లిగా లాగి వదిలినట్టు. నేను ఆమె చేతులవైపు చూశాను. రెండు చేతులూ స్టీరింగ్ మీద నిబ్బరంగా ఉన్నాయి. వేగం ఎంత ఉండాలో అంతకంటే తక్కువే.

"వచ్చిందక్కా," అంది, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా.

"ఎప్పటినుంచి?"

"ఎక్కినప్పటినుంచి. ఇవాళ ఉందని ర్యాంప్ మీదే తెలిసిపోయింది. ఎగ్జిట్ వస్తే దిగిపోదాం."

ఎగ్జిట్ ఇంకా రాలేదు. ముందు పల్లం ఉంది. పల్లంలో బండి వేగం పెరుగుతుంది, ట్రైలర్ వెనకనుంచి తోస్తుంది. అదే సమయానికి ఎడమపక్కనుంచి పెద్ద ట్రక్కొకటి మమ్మల్ని దాటడం మొదలుపెట్టింది. ఆ ట్రక్కు తోసే గాలి ముందు మా ట్రైలర్‌ని అవతలికి నెట్టింది, ట్రక్కు దాటిపోతుంటే ఇవతలికి లాగింది. అంతే. నా పక్క అద్దంలో ట్రైలర్ పక్కగోడ మొత్తం కనపడింది, మాయమైంది, మళ్ళీ ఇంకా పెద్దగా కనపడింది. కారు వెనకభాగం నేల మీద లేనట్టే ఉంది. ట్రైలర్‌లో గుండిగలు దొర్లుతున్న చప్పుడు. నేను ఇలాంటివి వందలసార్లు చూశాను, కానీ టెస్ట్ ట్రాక్ మీద, హెల్మెట్ పెట్టుకుని, పక్కన ఇంకే బండీ లేకుండా. ఇక్కడ కుడివైపు గట్టు, దాని కింద లోయ లాంటి పల్లం, ఎడమవైపు వెనకనుంచి ఇంకో ట్రక్కు. చచ్చిపోతామనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు గుర్తొచ్చింది ఇంజినీరింగ్ కాదు, మా అబ్బాయి.

భర్త ఉలిక్కిపడి లేచాడు. "బ్రేకెయ్! బ్రేకెయ్యవే! చంపేస్తావా?" అని అరుస్తూ ముందుకొచ్చి ఆమె సీటు పట్టుకుని ఊపాడు.

అందరికీ వచ్చే మొదటి ఆలోచన అదే. అప్పుడు కారు బ్రేకు తొక్కితే కారు ఆగుతుంది, ట్రైలర్ ఆగదు. కారుని మడత పెట్టేస్తుంది. తొక్కవద్దని నేను చెప్పాలి. నోరు తెరిచాను, మాట రాలేదు.

ఆమె తొక్కలేదు. కుడికాలు పెడల్ మీంచి పూర్తిగా తీసేసింది. స్టీరింగ్ ఎటూ తిప్పకుండా తిన్నగా పట్టుకుంది, ట్రైలర్ ఎటు లాగినా దాని వెంట పోలేదు. కుడిచేయి కిందికి దించి, డాష్‌బోర్డు కింద ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు వేసే చిన్న మీట ఒకటుంటే, దాన్ని మెల్లిగా, చాలా మెల్లిగా జరిపింది. ట్రైలర్‌ని వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. ఒక ఊపు తగ్గింది. తర్వాతది ఇంకా తగ్గింది. వెనకాల అతను ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆమె మీట వదల్లేదు. ట్రైలర్ చివరిసారి ఒకసారి ఒళ్ళు విరుచుకుని తిన్నబడింది. అప్పుడు సిగ్నల్ వేసి, చక్కగా పక్కకి తీసి ఆపింది.

ఆమె ప్రమాదం లైట్లు వేసి ఇంజన్ ఆపింది. నేను ఆమె చేతి మీద చెయ్యి వేశాను.

వెనకనుంచి మా డ్రైవర్ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతను పరిగెత్తగా నేను చూడటం అదే మొదలు. నోట్లో పుల్ల లేదు. "ఆమెకి ఎవరు నేర్పారు?" అన్నాడు ఇంగ్లీషులో, నన్ను పలకరించకుండానే. ఎవరూ నేర్పలేదు, మొదటిసారి ఊగినప్పుడు ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో వెతికి చదివాను అంది ఆమె. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను ట్రెయిన్ చేసిన కుర్రాళ్ళలో సగం మంది ఇప్పటికీ బ్రేకు తొక్కుతారు. ఈమె తప్పు రికార్డ్ చేద్దామని వచ్చాను. ఇక ఈ వీడియో వాళ్ళకి పాఠం చెప్పడానికి వాడుకుంటాను."

నేను వెళ్ళి ట్రైలర్ వెనక తలుపు తెరిచాను. తెరవగానే అర్థమైపోయింది, మా కంపెనీలో ఇంకెవరు తెరిచినా అర్థమయ్యేది కాదు. పిండి బకెట్లన్నీ వెనకమూలకి వచ్చేశాయి. అక్కడ నీళ్ళు కాగే హీటరుంది. దాని గోడకి ఆనించి, ఒక్కొక్క బకెట్‌కీ దుప్పటి చుట్టి, జోలలో పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టి ఉన్నాయి. చలికి పిండి పులియదు. మా అమ్మ కూడా చలిరోజుల్లో పిండిగిన్నెకి దుప్పటి కప్పి పొయ్యి పక్కన పెట్టేది. ఆ గిన్నె హైవే మీద ప్రయాణం చేసేది కాదు, అంతే తేడా.

"ఇవి ఎప్పుడు మార్చారు?" అని అడిగాను.

భర్త నా వెనకే నిలబడ్డాడు. "పొద్దున్నేనండీ. చూస్తే పిండి బొత్తిగా పొంగలేదు. ఇడ్లీ రాళ్ళలా వస్తే నా పేరు ఏం కావాలి చెప్పండి? హీటర్ వెలిగించి ఆర్పేస్తే చాలాసేపు వెచ్చగా ఉంటుంది కదా అని..."

"చలిగా ఉన్నప్పుడల్లా ఇలాగే చేస్తారా?"

"ఆయ్. సర్దేది ఆవిడైనా అక్కడ దింపేది నేనేగా. ఎందుకండీ?" అతని మొహంలో ఏ అనుమానమూ లేదు. "ముందు పెట్టినా, వెనక పెట్టినా బరువు అదే కదండీ?"

నేను త్రాసు తెచ్చి హిచ్ కింద పెట్టాను. ముందురోజు సాయంత్రం చూసిన బరువులో సగం కూడా లేదు. అతన్ని పిలిచి ముల్లు చూపించాను. ఎందుకు తగ్గిందో, తగ్గితే ఏమవుతుందో చెప్పాను. డిజైనర్‌గా చేసినవాడు, ఒక్కసారి చెబితే చాలింది. ట్రైలర్ పక్కన గడ్డిలో చతికిలబడ్డాడు.

ఆమె అంతసేపూ చలిలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "అంటే బండి తప్పు కాదు," అంది.

"కాదు."

"ట్రైలర్ తప్పూ కాదు. నా డ్రైవింగ్, అక్కా?"

"నీ డ్రైవింగ్ వల్లే ముగ్గురం బతికున్నాం."

"ఆ మాట నాకు కాదు, ఆయనకి చెప్పండి."

చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆడవాళ్ళకి పెద్ద బండ్లు కష్టమన్న మనిషికి ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా, కొంచెం ఎక్కువే. "ఇడ్లీ పోతే పోయిందండీ," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "పొంగని పిండితో దిబ్బరొట్టెలు వేస్తాను. పదండి, ముందుకి మార్చేద్దాం." నలుగురం కలిసి బకెట్లు ముందుకి మోశాం. మళ్ళీ తూచాను, సరిపోయింది. ఇక బయల్దేరడమే అనుకున్నాను.

ఆమె తాళంచెవి తీసి భర్త చేతిలో పెట్టింది.

"నా తప్పు కాదని తేలేదాకా వదలకూడదని తోలాను. తేలింది. ఇక మీరు తోలండి."

అతను తాళంచెవి వంక చూశాడు, ట్రైలర్ వంక చూశాడు. రోడ్డు మీద ఒక ట్రక్కు హోరుమని పోయింది, అందరి బట్టలూ రెపరెపలాడాయి. "నావల్ల కాదే," అన్నాడు. "నాకు భయం."

"నాకూ భయమేనండీ. ప్రతి వారం భయమే. మీరెప్పుడూ అడగలేదు."

ఆమె అరవలేదు, ఏడవలేదు. సాంబారులో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది. నేను ఎన్నో బండ్లు బోల్తా పడటం చూశాను గానీ, నిలబడ్డచోటే మనిషి అలా కూలిపోవడం చూడలేదు.

మా డ్రైవర్‌కి భాష రాకపోయినా విషయం అర్థమైంది. అతనే చెయ్యి చాచి తాళంచెవి తీసుకున్నాడు. భర్త అతని పక్కన ఎక్కాడు. నేను పికప్ తోలాను, ఆమె నా పక్కన. వాళ్ళు ముందు, మేం వెనక. తన ట్రైలర్‌ని ఆమె ఎప్పుడూ వెనకనుంచి చూడలేదట. ట్రక్కు దాటిన ప్రతిసారీ ఆమె కుడికాలు మ్యాట్ మీంచి పైకి లేచేది, చెయ్యి అక్కడ లేని మీటకోసం వెతికేది. ట్రైలర్ మాత్రం కదల్లేదు. సగం దారి వచ్చాక కాలు కుదురుగా ఆగింది. పెళ్ళి హాలు కనబడుతుండగా అంది, "సాయంత్రం నేనే తోలతానక్కా. ఆయన్ని మీతో ఎక్కించుకోండి. ఆయన కూడా ఒకసారి వెనకనుంచి చూడాలి."

పెళ్ళిలో ఇడ్లీ ఏదీ అని కొందరు సణిగారు. గోదావరివాళ్ళు మాత్రం దిబ్బరొట్టెలకి రెండోసారి, మూడోసారి వరసకట్టారు. తర్వాత్తర్వాత వాళ్ళ పిండి బకెట్లు చలికాలమంతా ఎస్‌యూవీ వెనకసీట్లో, హీటరేసుకుని, సీటు బెల్టులు పెట్టుకుని దర్జాగా ప్రయాణం చేసేవని విన్నాను. సోమవారం మా మేనేజర్ కారా, డ్రైవరా అని అడిగితే రెండూ కాదు, ఇడ్లీ అన్నాను. ఫైలు ఏమని మూశాడో నాకు తెలియదు, డ్రైవర్ పొరపాటని మాత్రం మూయనివ్వలేదు.

ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఎండ పడమటికి వాలుతుండగా బయల్దేరాం. ముందు ఎస్‌యూవీ, ట్రైలర్, స్టీరింగ్ దగ్గర ఆమె, పక్కన మా ముసలి డ్రైవర్, ఈసారి మర్యాదగా ప్రయాణికుడిలా. వెనక పికప్‌లో నేనూ భర్తా. పొద్దుటి చోటు అవతలి రోడ్డు మీద కనబడుతూ దాటిపోయింది. పల్లం ఇప్పుడు మాకు ఎగుడు, ఆ తర్వాత ఇంకో దిగుడు. దిగుడులో పెద్ద ట్రక్కొకటి మమ్మల్ని దాటి ఆమెని దాటబోయింది. నా పక్కన భర్త రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఆమె బ్రేకు లైటు వెలగలేదు. గాలి కొట్టింది, ట్రైలర్ కొంచెం ఒరిగి తనంతట తనే తిన్నబడింది. ట్రక్కు ముందుకు వెళ్ళిపోయింది.

అతను చాలాసేపటిదాకా డాష్‌బోర్డు వదల్లేదు. తర్వాత మొహం తుడుచుకుని అడిగాడు.

"ఎప్పుడూ ఇలాగే తోలుతుందాండీ మేడమ్?"

"నన్నడుగుతారేం? ప్రతిసారీ పక్కన కూర్చునేది మీరే కదా."

అతను ముందు పోతున్న ట్రైలర్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"పక్కన కూర్చుంటే కనపడలేదండీ."